టిమ్స్‌లో 539, పీసాలో 482: ఒకే దేశానికి రెండు ముఖాలా?

1 · కొలబద్ద

టిమ్స్, పీసా రెండూ దేశదేశాల పిల్లల చదువుని పోల్చే అంతర్జాతీయ పరీక్షలు. టిమ్స్ 2011 ఎనిమిదో తరగతి గణితంలో రష్యాకు 539, ఫిన్లండ్‌కు 514. ఆ మరుసటి ఏడే జరిగిన పీసా 2012 గణితంలో ఫిన్లండ్‌కు 519, రష్యాకు 482. ఒకచోట పైనున్న దేశం ఇంకోచోట కిందికి దిగింది. పిల్లల వయసులో ఏడాది అటూ ఇటూ ఉండొచ్చు గానీ లెక్కలైతే లెక్కలే కదా. ఈ తారుమారు ఎక్కణ్నుంచి వచ్చింది? పరీక్షలోంచా, పిల్లల్లోంచా, మార్కులు కట్టే పద్ధతిలోంచా?

రెండో సందేహం మరీ చేతిపని. పీసా 2022 విద్యార్థుల ఫైలు తీసుకుని ఒక దేశం గణితం సగటు కడితే నివేదికలో ఉన్నదానికన్నా 8 పాయింట్లు ఎక్కువ వస్తోంది. నివేదికలో స్టాండర్డ్ ఎర్రర్ (సగటు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) 2.6 అని ఉంటే నాకు 1.2 దగ్గరే ఆగుతోంది. ఒక్కో విద్యార్థికి ఫైల్లో ఇచ్చే పది అంచనా స్కోర్లని, అదే ప్లాజిబుల్ వాల్యూలని, సగటు చేసి ఒకే కాలమ్‌గా మార్చి, మామూలు సగటు ఫంక్షన్ నడిపాను. శాంపిల్‌లో 6000 మంది దాకా ఉన్నారు. ఎక్కడ తేడా కొట్టింది?

2 · భిన్నం_హారం

మొదటిదానికి నేను. రెండోది శాస్త్రి గారు చూస్తారు.

రెండు పరీక్షలూ అడిగే ప్రశ్నే వేరండి. టిమ్స్‌ని నడిపేది ఐఈఏ అనే అంతర్జాతీయ విద్యా మూల్యాంకన సంఘం. 1958 నుంచి ఉన్న సంస్థ, 1964లో 12 దేశాలతో మొదటి అంతర్జాతీయ గణిత అధ్యయనం చేసింది వీళ్లే. 1995 నుంచి నాలుగేళ్లకోసారి టిమ్స్ పెడుతున్నారు, నాలుగో తరగతికీ ఎనిమిదో తరగతికీ (1999లో ఎనిమిదికి మాత్రమే). బడిలో చెప్పింది ఎంత వంటబట్టింది అన్నది దాని గోల. పీసా ఓఈసీడీది (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ), 2000లో మొదలైంది. దానికి ఫలానా తరగతి అనే పట్టింపు లేదు. 15 ఏళ్ల 3 నెలల నుంచి 16 ఏళ్ల 2 నెలల మధ్య వయసుండి, ఏడో తరగతిలోనో ఆపైనో ఉంటే చాలు. వచ్చిన లెక్కని ఎప్పుడూ చూడని సందర్భంలో వాడగలరా అన్నది అక్కడ ప్రశ్న.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. టిమ్స్ 2011లో వాడాక విడుదల చేసిన ఎనిమిదో తరగతి ప్రశ్న ఇది: 1/3 − 1/4 కట్టడానికి సరైన పద్ధతి ఏది? ఇచ్చిన ఎంపికలు నాలుగు: (1−1)/(4−3), 1/(4−3), (3−4)/(3×4), (4−3)/(3×4). చివరిది జవాబు. సరిగ్గా పెట్టినవాళ్లు కొరియాలో 86 శాతం, అంతర్జాతీయ సగటు 37, ఫిన్లండ్‌లో 16.

ఆ 16 దగ్గర కాసేపు ఆగండి. నాలుగు ఎంపికల ప్రశ్నకి కళ్లు మూసుకుని టిక్కు పెట్టినా 25 శాతం రావాలి. అంతకన్నా తగ్గిందంటే పిల్లలు గుడ్డిగా పెట్టలేదు, ఏదో ఒక తప్పు జవాబు వాళ్లని గట్టిగా లాగింది. లవంలోంచి లవం, హారంలోంచి హారం తీసేసే మొదటి ఎంపిక విలువ కడితే సున్నా. రెండోది కడితే ఒకటి. మూడోది రుణసంఖ్య. మూడో వంతులోంచి పావు తీస్తే సున్నా మిగలదు, ఒకటీ మిగలదు, సున్నాకి కిందికీ పోదు. ఈపాటి సరిచూసుకునే అలవాటుంటే నియమం గుర్తులేకపోయినా జవాబు తేలిపోతుంది. తమాషా ఏంటంటే, ఆ సరిచూసుకోవడం పీసా వాళ్లు మెచ్చుకునే నేర్పే. పీసా 2006 సైన్సులో 563తో మొదటి స్థానంలో నిలిచిన ఫిన్లండ్ పిల్లలు ఇక్కడ గుర్తుల్లో రాసిన మెట్టు దగ్గర తడబడ్డారు. సందర్భం ఇస్తే ఆలోచిస్తారు, ఉత్త గుర్తులిస్తే నియమం కోసం వెతుక్కుంటారు అని నాకనిపిస్తుంది.

3 · రుబ్రిక్

దానికి ఎదురుగా పీసా 2012లో విడుదలైన ఫ్యూజీ పర్వతం ప్రశ్నలు పెట్టి చూడండి. మూడు ఉపప్రశ్నలు.

మొదటిది: జులై 1 నుంచి ఆగస్టు 27 దాకా కొండదారి తెరిచి ఉంటుంది, ఆ మధ్యలో సుమారు 2,00,000 మంది ఎక్కుతారు, రోజుకి సగటున ఎంతమంది? ఎంపికలు 340, 710, 3400, 7100, 7400. చేయాల్సింది ఒక్క భాగహారమే. పిల్లలు చిక్కుకునేది రోజులు లెక్కపెట్టడంలో. జులైకి 31, ఆగస్టుకి 27, మొత్తం 58. 2,00,000ని 58తో భాగిస్తే 3448, అంటే సుమారు 3400. ఒట్టి 27తో భాగించిన వాళ్ల కోసం 7400 సిద్ధంగా కూర్చుని ఉంది. తప్పు ఎంపికలు ఊరికే వేసినవి కావు, ప్రతిదాని వెనకా ఒక పొరపాటు దారి ఉంటుంది.

రెండోది: 9 కిలోమీటర్ల దారి, ఎక్కేటప్పుడు గంటకి 1.5, దిగేటప్పుడు గంటకి 3, రాత్రి 8కల్లా తిరిగి రావాలి, ఎంత ఆలస్యంగా బయల్దేరొచ్చు? 6 గంటలు, 3 గంటలు, మొత్తం 9. జవాబు ఉదయం 11. రెండు వేగాల్నీ సగటు చేసి 2.25 అనుకుంటే 18 కిలోమీటర్లకి 8 గంటలే పడుతుంది, జవాబు 12 అవుతుంది. బాగా చదివే పిల్లలు కూడా పడే గుంట అది.

మూడోది: 9 కిలోమీటర్లకి 22,500 అడుగులు పడ్డాయి, సగటు అడుగు ఎన్ని సెంటీమీటర్లు? 40. ఇక్కడ పాక్షిక మార్కు ఉంది. పద్ధతి సరిగ్గానే ఉండి కిలోమీటర్లని సెంటీమీటర్లలోకి మార్చడంలో జారి 0.4 అనో 4000 అనో రాస్తే సగం ఇస్తారు. 4000 సెంటీమీటర్లంటే 40 మీటర్ల అడుగు! అయినా సగం మార్కే, ఎందుకంటే కొలవదలచింది భాగహారంతో పాటు ప్రమాణాల మార్పుని కూడా, అందులో ఒకటి వచ్చినట్టే.

టిమ్స్ కోడింగ్ ఇంకా సూక్ష్మం. రాతజవాబుకి రెండంకెల కోడ్. మొదటి అంకె మార్కు: 2 అయితే రెండు, 1 అయితే ఒకటి, 7 అయితే తప్పు, 9 అయితే ఖాళీ. రెండో అంకె దారి. 10, 11 రెండూ ఒప్పే, పద్ధతులు వేరు. 70, 71 రెండూ తప్పే, కానీ ఏ రకం తప్పో తెలుస్తుంది. 79 అంటే పట్టికలో లేని ఇంకేదో తప్పు. బోధన గురించి ఏమైనా తెలుసుకోవాలంటే దేశాల వరుసకన్నా ఈ 70, 71ల శాతాలు చూడటం మేలు. చాలామంది ఫైల్లో వీటిని 0, 1గా కుదించేసి పారేస్తారు, బంగారం పోసి బొగ్గు కొన్నట్టు.

4 · సందేహజీవి

రెండింట్లోనూ సగటు 500 అంటారు కదా. అలాంటప్పుడు రష్యా 539 నుంచి 482కి, 57 పాయింట్లు పడిపోయిందనొచ్చా?

5 · వెయిట్ల_శాస్త్రి

అనకూడదు. టిమ్స్ 500 అంటే 1995లో పాల్గొన్న దేశాల సగటు, వాటి విస్తరణకి (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరాయన్నదానికి) 100 అని పేరు పెట్టారు. ఆ తర్వాత ప్రతి విడతనీ ఆ కొలబద్దకే అతికిస్తూ వచ్చారు. పీసాలో 500 ఓఈసీడీ దేశాలది, అదీ సబ్జెక్టుకో ఏడు: పఠనానికి 2000, గణితానికి 2003, సైన్సుకి 2006. రెండు గుంపులూ వేరు, రెండు గజాలూ వేరు. ఇప్పుడు ఓఈసీడీ సగటు కూడా 500 కాదు, పీసా 2022 గణితంలో 472. కాబట్టి 539లోంచి 482 తీసేయడం సెంటీగ్రేడులోంచి ఫారెన్‌హీట్ తీసేసినట్టు. ఫిన్లండ్, రష్యాల వరుస తిరగబడటం మాత్రం నిజమైన విషయమే, దాన్ని వివరించాల్సిందే.

ఇక కొలబద్ద గారి ఫైలు. రెండు వేర్వేరు తప్పులు కలిసిపోయాయి.

సగటు కలవకపోవడానికి కారణం వెయిట్లు, అంటే శాంపిల్‌లోని ఒక్కో పిల్లాడు దేశంలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే సంఖ్యలు. శాంపిల్‌లో చిన్న ప్రాంతాల నుంచి, చిన్న భాషా మాధ్యమాల నుంచి కావాలని ఎక్కువమందిని తీసుకుంటారు, లేకపోతే వాటికి విడిగా అంచనా కట్టలేరు. ఊహకి ఒక లెక్క: పెద్ద ప్రాంతంలో 90,000 మంది పిల్లలు, సగటు 480. చిన్న ప్రాంతంలో 10,000 మంది, సగటు 520. చెరో 3000 మందిని పరీక్షించారు. వెయిట్ లేకుండా కలిపేస్తే 500. దేశంలో ఉన్న పిల్లల వాటా ప్రకారం అయితే 480లో 90 శాతం 432, 520లో 10 శాతం 52, మొత్తం 484. మీ 8 పాయింట్లు ఇలాంటి చోటే పుట్టి ఉంటాయి. విద్యార్థి తుది వెయిట్ అనే కాలమ్ వాడండి.

స్టాండర్డ్ ఎర్రర్ తగ్గడానికి కారణం 6000 మందినీ విడివిడిగా చీటీ తీసి ఎంచినట్టు సాఫ్ట్‌వేర్ అనుకోవడం. నిజంగా జరిగేది రెండంచెల ఎంపిక. ముందు కనీసం 150 బళ్లు, పిల్లల సంఖ్యని బట్టి అవకాశం పెరిగేలా. తర్వాత ఒక్కో బడిలో పీసా అయితే 42 మంది దాకా, టిమ్స్ అయితే ఒకటి రెండు తరగతులు పూర్తిగా. ఒకే బడి పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు, కాబట్టి నలభయ్యో పిల్లాడు తెచ్చే కొత్త సమాచారం తక్కువ. మొత్తం తేడాలో బళ్ల మధ్య తేడా పదో వంతే అనుకున్నా, బడికి 40 మంది చొప్పున 1 + 39 × 0.1 = 4.9. 6000ని దానితో భాగిస్తే, మీ 6000 మందీ నిజానికి 1220 మందితో సమానం. విస్తరణ 90 అనుకుంటే 90ని 6000 వర్గమూలంతో భాగిస్తే 1.16, 1220 వర్గమూలంతో అయితే 2.58. మీ 1.2, నివేదికలోని 2.6 ఎక్కణ్నుంచి వచ్చాయో చూశారా.

అసలు పద్ధతి ఇది. పది ప్లాజిబుల్ వాల్యూలనీ ముందే సగటు చేయొద్దు. ఒక్కోదానితో విడిగా సగటు కట్టండి, ఆ పది సగట్లకీ సగటు తీయండి. తర్వాత 80 రెప్లికేట్ వెయిట్లతో (బళ్ల వెయిట్లని కొద్దిగా అటూ ఇటూ మార్చి ఫైల్లోనే ఇచ్చిన కాలమ్‌లు) అదే సగటుని 80 సార్లు కట్టి, తుది వెయిట్‌తో వచ్చినదానికీ వాటికీ తేడాల వర్గాలు కూడండి. అది శాంప్లింగ్ వేరియన్స్‌కి (వేరే బళ్లు ఎంపికై ఉంటే సగటు ఎంత మారేదో చెప్పే కొలతకి) దారి. పది సగట్ల మధ్య ఉన్న చెదురుని 1.1తో గుణించి దానికి కలపండి. వర్గమూలం తీస్తే స్టాండర్డ్ ఎర్రర్.

6 · సందేహజీవి

ప్లాజిబుల్ వాల్యూ అంటే మార్కు కాదా మరి? ఒక్క పిల్లాడికి పది మార్కులేంటి?

7 · భిన్నం_హారం

మార్కు కాదు. టిమ్స్‌లో మొత్తం 28 బ్లాకులు (ప్రశ్నల గుత్తులు), 14 గణితం, 14 సైన్సు. వీటిని 14 బుక్‌లెట్లుగా కుడతారు, ఒక్కో బ్లాకు రెండు బుక్‌లెట్లలో వచ్చేలా. ఒక్కో బుక్‌లెట్‌లో రెండు గణితం, రెండు సైన్సు. ఎనిమిదో తరగతికి 90 నిమిషాలు, అంటే బ్లాకుకి 22.5. మొత్తం 28 బ్లాకులూ ఒకే పిల్లాడికి ఇవ్వాలంటే పదిన్నర గంటలు కూర్చోబెట్టాలి. అందుకని ప్రతి ఒక్కరికీ ఏడో వంతు మాత్రమే ఇస్తారు.

ఏడో వంతు చూసి ఆ పిల్లాడి సామర్థ్యం ఇంతే అని ఖరారు చేయలేం. 470 నుంచి 540 దాకా ఎక్కడైనా ఉండొచ్చు అనేలాంటి ఒక పరిధి వస్తుంది. జవాబులూ, ఇంటి నేపథ్యం ప్రశ్నావళీ రెండూ చూసి గీసిన ఆ పరిధిలోంచి తీసిన చీటీలే ప్లాజిబుల్ వాల్యూలు. టిమ్స్‌లో ఐదు తీస్తారు. పీసాలో 2012 దాకా ఐదు, 2015 నుంచి పది. దేశం మొత్తానికి కలిపితే నిక్కచ్చిగా ఉంటాయి, ఒక్క పిల్లాడి ప్రోగ్రెస్ కార్డు మీద వేయడానికి పనికిరావు.

పదింటినీ ముందే సగటు చేస్తే సగటుకి పెద్ద నష్టం లేదు గానీ విస్తరణ కుంచించుకుపోతుంది. 625 దాటినవాళ్లు ఎంత శాతం, 400కి అందనివాళ్లు ఎంత శాతం అన్నప్పుడు రెండు చివర్లూ తరిగిపోతాయి. టిమ్స్ మెట్లు 400, 475, 550, 625. ఆ శాతాలు కావాల్సినవాళ్లు ఈ పొరపాటు అస్సలు చేయకూడదు.

8 · కొలబద్ద

వెయిట్ పెట్టగానే సగటు దశాంశంతో సహా కలిసింది, థాంక్సండి. స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం 1.3 వస్తోంది. 80 తేడాల వర్గాలు కూడి 80తో భాగించాను.

9 · వెయిట్ల_శాస్త్రి

సరిగ్గా సగం వచ్చిందంటే ఆ 80 వల్లే. పీసా రెప్లికేట్లలో జంటలోని ఒక బడికి వెయిట్‌ని 1.5 రెట్లు, రెండోదానికి 0.5 రెట్లు చేస్తారు. పూర్తిగా రెండింతలూ సున్నా చేయరు, చిన్న ఉపసమూహాల్లో ఎవరూ మిగలకుండా పోతారని. తేడాలు సగమే కాబట్టి వర్గాలు పావు వంతు అవుతాయి. అందుకని 80ని 0.25తో గుణించి 20తో భాగించాలి. వేరియన్స్ నాలుగింతలైతే ఎర్రర్ రెండింతలు, మీ 2.6 వచ్చేస్తుంది.

టిమ్స్‌కి ఇదే సూత్రం దింపొద్దు. అక్కడిది జాక్‌నైఫ్ అనే వేరే పద్ధతి. బళ్లని జంటలు కట్టి 75 జోన్లు చేస్తారు. ఒక్కో జోన్‌లో ఒక బడి వెయిట్ రెండింతలు, దాని జత సున్నా. 2011 దాకా 75 రెప్లికేట్లు, 2015 నుంచి జంటని అటూ ఇటూ రెండుసార్లూ తిప్పి 150, అప్పుడు కూడినదాన్ని 2తో భాగించాలి. ఐదు ప్లాజిబుల్ వాల్యూలు కాబట్టి గుణకం 1.1 బదులు 1.2.

ఆ చివరి మెట్టు చేత్తో ఒకసారి. ఐదు సగట్లు 498, 503, 500, 496, 503 అనుకుందాం (తేలిగ్గా కనబడాలని తేడాలు పెంచాను, దేశం మొత్తానికి ఇంత ఉండవు). సగటు 500. తేడాల వర్గాలు 4, 9, 0, 16, 9, మొత్తం 38. నాలుగుతో భాగిస్తే 9.5, దాన్ని 1.2తో గుణిస్తే 11.4. శాంప్లింగ్ వేరియన్స్ 9 అయితే కలిపి 20.4, వర్గమూలం 4.5. రెండో భాగం మర్చిపోయినవాళ్లకి 3 వస్తుంది, లేని తేడాలు ఉన్నట్టు కనబడతాయి.

చేత్తో కట్టడం అర్థం కావడానికే. రోజూ వాడకానికి ఐఈఏ వాళ్ల ఐడీబీ ఎనలైజర్ ఉచితం. గణాంకాల సాఫ్ట్‌వేర్లయిన ఆర్‌లో ఎడ్‌సర్వే, స్టాటాలో రెప్‌ఎస్ట్ ఉన్నాయి. ఏది వాడినా ముందు నివేదికలో అచ్చయిన ఒక అంకెని తిరిగి తెప్పించి, ఆ తర్వాతే సొంత ప్రశ్నకి పోండి.

టిమ్స్ ఫైల్లో ఇంకో ఉచ్చు కూడా చెప్పేస్తాను. అందులోని ఉపాధ్యాయులు దేశంలోని ఉపాధ్యాయులకి ప్రతినిధులు కారు. ఎంపికైన పిల్లలకి పాఠం చెప్పేవాళ్లు మాత్రమే. "40 శాతం ఉపాధ్యాయులు ఫలానా శిక్షణ పొందారు" అని రాయకూడదు, "40 శాతం పిల్లలకి ఫలానా శిక్షణ పొందినవాళ్లు చెబుతున్నారు" అని రాయాలి. పత్రికల్లో వచ్చే వాక్యాల్లో సగం ఇక్కడే బోల్తా. దేశాలన్నీ కలిపి ఒకే విశ్లేషణ చేసేటప్పుడు మామూలు వెయిట్ వాడితే జనం ఎక్కువున్న దేశమే ఫలితాన్ని లాక్కుపోతుంది. ఒక్కో దేశానికి మొత్తం 500 వచ్చేలా సవరించిన సెనేట్ వెయిట్ వేరే ఉంది, అది తీసుకోండి.

10 · ద్విభాషి

అనువాదం సంగతి ఎవరూ ఎత్తలేదే. పీసా ప్రశ్నల మూలప్రతి ఇంగ్లిష్‌లోనూ ఫ్రెంచ్‌లోనూ ఉంటుంది. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు, మూడో మనిషి రెండింటినీ సమన్వయం చేస్తారు, ఆ తర్వాత బయటి పరిశీలకులు సరిచూస్తారు. డబ్బుతో పనిపడితే జెడ్ అనే లేని కరెన్సీ వాడతారు. నిజమైన కరెన్సీ పెడితే ఒక దేశంలో 2, ఇంకో దేశంలో 20,000 అవుతుంది, అంకెలు మారితే లెక్కే మారిపోతుంది.

భాష తనంతట తానే జవాబు చెప్పేసే చోట్లు అసలు తలనొప్పి. మన తెలుగే తీసుకోండి. చతుర్భుజానికి ఎన్ని భుజాలు అని అడిగితే ప్రశ్నలోనే జవాబుంది. ఇంగ్లిష్ పిల్లాడికి ఆ పదం గుర్తుపెట్టుకోవాల్సిన పదం, మనకి విడదీస్తే చాలు. శాకాహారి ఏం తింటుంది, ఉష్ణమాపకంతో ఏం కొలుస్తారు, ఇవీ అంతే. తిరగేసి చూస్తే, రెండు భాషల్లోనూ మాట తెలిసిందే అయినా వాక్యం పొడుగై నాలుగో తరగతి పిల్లలకి ఊపిరాడని చోట్లూ ఉంటాయి. ప్రశ్నలో ఉన్న మాటే సరైన ఎంపికలో కూడా ఉంటే అనువాదంలోనూ అలాగే ఉంచాలి, పర్యాయపదం వేస్తే కష్టం పెరుగుతుంది. అందం కోసం మాట మార్చే అలవాటున్న అనువాదకులకి ఇది మహా కష్టం.

ఇన్ని చేసినా కొన్ని జారతాయి. ముందు క్షేత్ర పరీక్షలో, తర్వాత అసలు డేటాలో, ఏ ప్రశ్న ఏ దేశంలో ఉండాల్సినదానికన్నా విపరీతంగా తేలికో కష్టమో అయిందో చూస్తారు. అచ్చుతప్పో అనువాద దోషమో బయటపడితే ఆ దేశానికి మాత్రం ఆ ప్రశ్న తీసేస్తారు.

11 · సందేహజీవి

అదంతా సరే, నాకు అసలు అనుమానం వేరే. ఏ దేశమైనా బాగా చదివే పిల్లల్నే కూర్చోబెడితే?

12 · వెయిట్ల_శాస్త్రి

ఎవరు కూర్చోవాలో బడి తేల్చదు, జాబితాలోంచి యాదృచ్ఛికంగా పైనుంచే ఎంపిక వస్తుంది. మినహాయింపులు 5 శాతం దాటకూడదు. బళ్లలో 85 శాతం ఒప్పుకోవాలి. పిల్లల హాజరు టిమ్స్‌లో 85, పీసాలో 80 శాతం ఉండాలి. తప్పితే శిక్ష ఉంటుంది: పీసా 2000లో నెదర్లాండ్స్, 2003లో బ్రిటన్ స్పందన చాలక పోలికల పట్టికలకి దూరమయ్యాయి. 2015లో మలేషియా అలాగే. అదే విడతలో అర్జెంటీనాలో బళ్ల జాబితాయే సరిగ్గా లేక బ్యూనస్ ఎయిరిస్ నగరం ఫలితం మాత్రమే పోల్చదగ్గదిగా మిగిలింది. కజకిస్తాన్‌కి రాతజవాబుల కోడింగ్ మీద నమ్మకం కుదరక బహుళైచ్ఛికాలతోనే సరిపెట్టారు. 2022 పట్టికల్లో కెనడా, బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్ పక్కన కూడా నక్షత్రం గుర్తుంది. ఆ నక్షత్రం వార్తల్లోకి రాదు.

మీ అనుమానానికి దగ్గరగా వచ్చేది ఇంకోటి. పీసా బడిలో ఉన్నవాళ్లనే చూస్తుంది. 2012లో వియత్నాం గణితంలో 511 తెచ్చుకుంది, ఓఈసీడీ సగటు 494 దాటి. కానీ ఆ శాంపిల్ ప్రాతినిధ్యం వహించింది దేశంలోని 15 ఏళ్లవాళ్లలో సుమారు 56 శాతానికే. మిగతావాళ్లు బడి మానేసినవాళ్లు, ఏడో తరగతికి రానివాళ్లు. చైనా సంగతి మరీ బాహాటం: 2009, 2012లో షాంఘై మాత్రమే, 2018లో బీజింగ్, షాంఘై, జియాంగ్సు, జెజియాంగ్ నాలుగే. గణితంలో 591 అన్న అంకె ఆ నాలుగింటిది, దేశానిది కాదు. ఇందులో మోసమేమీ లేదు, నివేదికలో స్పష్టంగానే రాశారు. చదవనిది మనం.

13 · రుబ్రిక్

తరగతిని మార్చుకున్నా అంకె మారుతుంది. నార్వే 2015 నుంచి టిమ్స్‌కి 5, 9 తరగతుల్ని పెడుతోంది, అక్కడి ఐదో తరగతి పిల్లల వయసు ఇరుగుపొరుగు దేశాల నాలుగో తరగతితో సరిపోతుందని. వాదన న్యాయమైనదే. కానీ 2011 నార్వేని 2015 నార్వేతో కలిపి గీత గీసి "ఎంత ఎదిగిందో" అనేవాళ్లు ఒక ఏడాది చదువుని ఉత్తపుణ్యానికి కలిపేస్తున్నారు.

పూర్తి చేయని ప్రశ్నల సంగతీ అంతే. టైమ్ చాలక చివర్లో వదిలేసినవాటిని పీసా 2012 దాకా విద్యార్థి స్కోరు కట్టేటప్పుడు తప్పుగా లెక్కేసేది. 2015 నుంచి అసలు ఇవ్వనట్టే వదిలేస్తోంది. అదే ఏడు కాగితం నుంచి కంప్యూటర్‌కి మారారు, గణాంక నమూనా కూడా మార్చారు. నెమ్మదిగా చేసే పిల్లలు ఎక్కువున్న దేశాలకి 2012, 2015 మధ్య మార్పు చదవడం అందుకే కత్తిమీద సాము.

14 · భిన్నం_హారం

అందుకే వరుస సంఖ్యలు చూడటమే దండగ అంటాను. 17వ స్థానం నుంచి 21కి పడిపోయాం అని గుండెలు బాదుకోవడం, మధ్యలో రెండు కొత్త దేశాలు చేరాయని ఎవరూ చూడకపోవడం.

15 · వెయిట్ల_శాస్త్రి

వరుస దండగే. కానీ తేడాలన్నీ దండగ కాదు. రెండు దేశాల స్టాండర్డ్ ఎర్రర్లు 3, 4 అనుకోండి. వర్గాలు 9, 16, కూడితే 25, మూలం 5. దాన్ని 1.96తో గుణిస్తే 9.8. తేడా 10 పాయింట్లకి తక్కువుంటే ఎవరు ముందో చెప్పలేం. అదే ఒక దేశం రెండు విడతల మధ్య అయితే కొలబద్దని అతికించడంలో వచ్చే లింక్ ఎర్రర్ కూడా కలపాలి. అది 2 అయితే 9 + 16 + 4, మూలం 5.4, హద్దు 10.6. ఈ జల్లెడ పట్టాక కూడా నిలిచేవి ఉంటాయి. 2018 నుంచి 2022కి ఓఈసీడీ దేశాల గణితం సగటు దాదాపు 15 పాయింట్లు పడింది. అన్ని దేశాల సగటుకి శాంప్లింగ్ ఎర్రర్ చాలా తక్కువ. దాన్ని కొట్టిపారేయలేం.

16 · ద్విభాషి

ఒక చిన్న అదనం. ప్రశ్నావళిలోని "నాకు లెక్కలు బాగా వస్తాయి" లాంటి వాక్యాలతో దేశాల్ని పోల్చకండి. ఒకే దేశంలో ధైర్యమున్న పిల్లలకి మార్కులు ఎక్కువే. దేశాల మధ్య చూస్తే మాత్రం జపాన్, కొరియా లాంటి పైవరుస దేశాల్లోనే ధైర్యం తక్కువగా కనబడుతుంది. పిల్లలు పోల్చుకునేది పక్క బల్లవాడితో, ప్రపంచంతో కాదు. పైగా "బాగా" అన్న మాట బరువు అన్ని భాషల్లో ఒకటి కాదు.

17 · కొలబద్ద

20తో భాగించాను, 2.6 వచ్చింది. ఇక మొదటి ప్రశ్న మిగిలింది. రష్యా, ఫిన్లండ్ వరుస తిరగబడటానికి గుర్తులు వర్సెస్ సందర్భం అన్నదొక్కటేనా సాక్ష్యం?

18 · భిన్నం_హారం

ఇంకోటుంది, టిమ్స్ ఫైల్లోనే. మొత్తం స్కోరు పక్కన పెట్టి అంశాలవారీ స్కేళ్లు తెరవండి. 2011 ఎనిమిదో తరగతిలో రష్యా బలం బీజగణితం, బలహీనత సమాచారం, సంభావ్యత. ఫిన్లండ్ సరిగ్గా అద్దంలో బొమ్మ: సమాచారం, సంభావ్యతలో మేటి, బీజగణితంలో దిగువ. ఇప్పుడు రెండు పరీక్షల చట్రాలు, అంటే ఏ అంశానికి ఎంత వాటానో చెప్పే పత్రాలు, పక్కపక్కన పెట్టండి. టిమ్స్ ఎనిమిదిలో బీజగణితానికి 30 శాతం, సమాచారానికి 20. పీసాలో నాలుగు విభాగాలకీ ఇంచుమించు పావు చొప్పున, అందులో అనిశ్చితి, సమాచారం ఒకటి. విడి బీజగణితం పేరుతో విభాగమే లేదు. మార్పులు, సంబంధాలు అన్న దాంట్లో గ్రాఫుల రూపంలో, మాటల రూపంలో కలిసిపోయి ఉంటుంది.

19 · వెయిట్ల_శాస్త్రి

ఒప్పుకుంటాను, ఒక షరతుతో. వాటాలు 30 నుంచి 25కీ, 20 నుంచి 25కీ మార్చినంత మాత్రాన వరుస తిరగబడదు. కొలబద్ద గారు ఫైలు ఎలాగూ తెరిచారు కాబట్టి కట్టి చూడొచ్చు: నాలుగు అంశాల స్కోర్లకీ 25 శాతం చొప్పున ఇచ్చి సగటు తీయండి. రష్యా ఆధిక్యం తగ్గుతుంది, పోదు. మిగిలిన భాగం ప్రశ్న వేసే తీరుది. ఫ్యూజీ కొండ ప్రశ్నల్లో పేరా చదివి, ఏ అంకె దేనికో తేల్చుకుని, అప్పుడు భాగించాలి. టిమ్స్‌లోని జ్ఞానం, అన్వయం, తార్కికం అనే మూడు స్కేళ్లు కూడా పక్కన పెట్టుకోండి. ప్రతిదానికీ ఐదు ప్లాజిబుల్ వాల్యూలు వేరుగా ఉంటాయి, మొత్తం గణితం వాల్యూల్ని వాడేయొద్దు.

20 · కొలబద్ద

కట్టి, స్టాండర్డ్ ఎర్రర్లతో సహా ఇక్కడే పెడతాను. 75 రెప్లికేట్లు, గుణకం 1.2, భాగహారం లేదు, 2011 కాబట్టి. సరేనా?

21 · వెయిట్ల_శాస్త్రి

సరే.